లైటు ఆపాక మిగిలే వెలుగు

మాది మాచర్ల దగ్గర పల్లెటూరు. నేను ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఏడు మా నాన్నగారు వేసిన పత్తి విత్తనాలు నకిలీవని తేలింది. చేను ఏపుగా పెరిగింది, పూత నిలవలేదు, కాయ పట్టలేదు. ప్యాకెట్టు చూస్తే అచ్చం అసలుదే: అదే రంగు, అదే బొమ్మ, అదే లేబుల్. ఆ ఏడు నా ఫీజు కోసం అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి.

అందుకే, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి "నాన్నా, నకిలీని పట్టించే కార్బన్ ఉందట!" అనగానే పని ఆపి విన్నాను.

బొగ్గు కార్బనే. పెన్సిల్ ములుకులో ఉండేదీ కార్బనే. అదే కార్బన్ పది నానోమీటర్ల లోపు రేణువులుగా ఉంటే, అతినీలలోహిత కాంతి పడగానే నీలంగానో పచ్చగానో మెరుస్తుంది. వీటిని కార్బన్ డాట్స్ అంటారు. 2004లో అమెరికా శాస్త్రవేత్తలు నానోట్యూబులను శుద్ధి చేస్తుంటే అనుకోకుండా బయటపడ్డాయి. నిమ్మకాయలో ఉండే సిట్రిక్ ఆమ్లాన్ని, మనం చేలో చల్లే యూరియాను కలిపి వేడిచేసి కూడా ప్రయోగశాలల్లో వీటిని తయారు చేస్తున్నారు.

మెరిసే ఇంకు మనకు కొత్త కాదు. 1996లో వచ్చిన మహాత్మా గాంధీ సిరీస్ నోట్ల నంబర్లు అలాంటి ఇంకుతోనే అచ్చయ్యాయి. అయితే మెరిసే ఇంకు దొంగకూ దొరుకుతుంది. ఇక్కడే కొన్ని రకాల కార్బన్ డాట్స్ పనికొస్తాయి. లైటు ఆపేశాక కూడా అవి కొన్ని సెకన్లు వెలుగుతూనే ఉంటాయి. లేబుల్ మీద 8 అంకెలో ఎడమవైపు గీతలు మామూలు మెరిసే ఇంకుతో, మిగతావి ఈ ఇంకుతో వేశారనుకోండి. లైటు వేస్తే 8 కనిపిస్తుంది. ఆపగానే 3 మిగులుతుంది. నకిలీ చేసేవాడు రంగుతో పాటు ఆ సెకన్లను కూడా కాపీ కొట్టాలి.

చిక్కు లేకపోలేదు. తేమ, గాలిలోని ఆక్సిజన్ తగిలితే ఆ వెలుగు తగ్గిపోతుంది. అందుకే ఈ రేణువులను సిలికా వంటి పదార్థాల్లో పొదిగి కాపాడే పని పరిశోధకులు చేస్తున్నారు. ఎరువుల కొట్లో నెలల తరబడి ఉండే ప్యాకెట్టుకు అదే అసలు పరీక్ష. అంతవరకు మనకు రక్షణ బిల్లు, దాచిపెట్టిన ఖాళీ ప్యాకెట్టు, కొన్ని మిగులు గింజలు.

నోట్లు పరీక్షించే యూవీ టార్చి దొరికితే ఒక రాత్రి పిల్లలతో కూర్చోండి. టార్చి మీ చేతిలోనే ఉంచుకోండి, ఎవరి కళ్లలోకీ వేయవద్దు. నోటు చూపించండి, తర్వాత సర్ఫుతో ఉతికిన తెల్ల యూనిఫాం చూపించండి. అదీ నీలంగా మెరుస్తుంది. ఎందుకో వాళ్లనే కనుక్కుని రమ్మనండి.