తొలకరి వాసన వెనక ఉన్నవాళ్లు

తొలకరి పడగానే చెలకల్లోంచి కమ్మని వాసన లేస్తుంది కదా? అందులో పెద్ద వాటా మట్టిలో బతికే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులదండీ. క్షయను లొంగదీసిన స్ట్రెప్టోమైసిన్‌ను మనకిచ్చింది ఆ కుటుంబమే. ఆరియోమైసిన్‌ను ఇచ్చిందీ అదే, ఆ కథలో మన మనిషి ఒకాయన ఉన్నారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలు నడుపుతున్న రోజులవి. అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన, డెబ్బై దాటాక కూడా, ఎక్కడెక్కడి మట్టినో తెప్పించి గాలించేవారు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని 23వ మడి మట్టిలో పసిడి వన్నె జీవి దొరికింది. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ దాన్నుంచే వచ్చి, 1948లో లోకానికి తెలిసింది. సుబ్బారావు గారు పోయిందీ ఆ ఏడే.

ఇప్పుడు ఇలాంటి యాంటీబయాటిక్ మందులకు లొంగని బాక్టీరియా పెరిగిపోయింది. 2019లో ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది నేరుగా దానివల్లే చనిపోయారని అంచనా. జలుబుకు కూడా అజిత్రోమైసిన్ అడిగి మింగుతున్నామే, నాకు భయం వేసేది అక్కడే.

అందుకే కొత్త మందులు వెతకాలి. మరి మన మట్టి సంగతి? జనగామ ఎర్ర చెలక, మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో ఇనుప రాయి నేల, భూపాలపల్లి అడవిలో ఆకులు కుళ్లిన మన్ను, ఒకదానిలా ఒకటుండదు. నేల మారితే అందులోని జీవులూ మారతాయి. అందుకే మూడు చోట్లా వెతకాలంటాను.

జానెడు లోతు మట్టి తీసి ఆరబెట్టి, నీళ్లలో కలిపి, మళ్లీ మళ్లీ పలచన చేసి అగర్ అనే జెల్లీ ఉన్న పళ్లెంలో పోస్తారు. మామూలు బాక్టీరియా మర్నాటికే తేలుతుంది. మనక్కావలసినవి వారం పది రోజులకు సున్నం చల్లినట్టు పొడిపొడిగా కనిపిస్తాయి. పక్కనే వేరే బాక్టీరియాను పెంచితే, వీటి చుట్టూ ఏమీ మొలవని వలయం ఏర్పడిందా, మందు ఊరుతోందన్నమాట. అసలు కష్టం ఆ తరువాతే! చాలాసార్లు అది పాత మందే అవుతుంది. కొత్తదైతే మనిషికి విషం కాకూడదు. పైగా మట్టి జీవుల్లో చాలా భాగం పళ్లెంలో పెరగనే పెరగవు. వాటిని సొంత మట్టిలోనే పెంచే ఉపాయంతో టీక్సోబాక్టిన్ దొరికిందని 2015లో ప్రకటించారు.

2012లో యేల్ విశ్వవిద్యాలయంలో జో హాండెల్స్‌మన్ ఈ వెతుకులాటను డిగ్రీ విద్యార్థులకే అప్పగించారు. రోగం తెచ్చే బాక్టీరియా బదులు దాని సాధు బంధువుల మీద పరీక్షలు చేయించవచ్చు. మన మూడు జిల్లాల్లో మైక్రోబయాలజీ చెప్పే లెక్చరర్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఈ వానాకాలం ఒక్క బ్యాచ్‌తోనైనా మొదలుపెట్టండి. పిల్లల్ని ఎవరి చెలక మట్టి వాళ్లనే తెమ్మనండి.