సూదీ సముద్రమూ

2018 సంక్రాంతికి ఒక విశాఖపట్నం అమ్మాయి, ఒక హైదరాబాదు అమ్మాయి దక్షిణ పసిఫిక్ మహాసముద్రం నడిమధ్య, 56 అడుగుల తెరచాప పడవలో ఉన్నారు. ఒకరు లెఫ్టినెంట్ కమాండర్ పి. స్వాతి, ఇంకొకరు లెఫ్టినెంట్ బొడ్డపాటి ఐశ్వర్య. పడవ నడిపే పెద్ద వర్తికా జోషి. ఆమెతో కలిపి మరో నలుగురు, అందరూ నౌకాదళంలో అధికారిణులే. మేమిక్కడ పొందూరులో భోగికి విరిగిన కుర్చీలూ పాత తలుపులూ పోగేసుకుంటున్న వేళకు వాళ్ళు దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్‌కు ఐదారు రోజుల దూరంలో ఉన్నారు. ఆ పడవలో భోగిమంట మాటే ఎత్తకూడదు. ఫైబర్‌గ్లాసు పడవలో ఉండేవాళ్ళు నీళ్ళకు ఎంత భయపడతారో తెలీదుగానీ నిప్పుకు మాత్రం చాలా భయపడతారు. మనకు పుష్యమాసపు చలి, వాళ్ళకది నడివేసవి. ఆ నడివేసవిలోనే వేళ్ళు కొంకర్లు పోతుంటాయి. దక్షిణాన 40 డిగ్రీల అక్షాంశం దాటాక గాలికి అడ్డొచ్చే నేలంటూ దాదాపు లేదు. భూమి చుట్టూ తిరిగి తిరిగి ఆ గాలి మళ్ళీ అక్కడికే వస్తుంది.

ఆ పడవ పేరు ఐఎన్‌ఎస్‌వి తారిణి. గోవాలో ఆక్వేరియస్ షిప్‌యార్డు కట్టింది. పేరు మాత్రం మా పొరుగువాళ్ళది. ఇచ్ఛాపురం దాటితే గంజాం జిల్లా. అక్కడ రుషికుల్య ఒడ్డున కొండ మీద ఉన్న తారా తారిణి అమ్మవారి పేరది. ఓడ వ్యాపారానికి పోయే కళింగ వర్తకులు పూర్వం ఆవిడకు మొక్కుకునే బయల్దేరేవారని చెబుతారు. తారిణి 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరింది. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండులో లిటిల్‌టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, ఆపైన కేప్‌టౌన్ రేవుల్లో ఆగి 2018 మే 21న ఇల్లు చేరింది. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు, అంటే దరిదాపు 40,000 కిలోమీటర్లు. దీపావళి, సంక్రాంతి రెండూ నీళ్ళ మీదే గడిచాయి.

తిరిగొచ్చాక పత్రికలు అలల ఎత్తు రాశాయి, గాలి వేగం రాశాయి. రాయాల్సిందేలెండి. నాకు మాత్రం ఇలాంటి యాత్ర గురించి ఎక్కడ చదివినా మొదట సంసారం మీదికే చూపు పోతుంది. ఎక్కడ వండుకున్నారు? తడిబట్టలు ఎక్కడ ఆరేశారు? చిరిగింది ఎవరు కుట్టారు?

తెరచాప పడవంటే ఒక పక్కకు ఒరిగిపోయిన ఇల్లు. గాలి వారంపాటు ఒకే వైపునుంచి వీస్తే ఇల్లూ ఆ వారమంతా ఒరిగే ఉంటుంది. అందుకే పొయ్యిని ఇరుసు మీద ఊగేలా బిగిస్తారు. పడవ ఎటు వాలినా గిన్నె అడుగు సమంగానే ఉంటుంది, వండేవాళ్ళు మాత్రం నడుముకు పట్టీ కట్టుకుని నిలబడాలి. నిద్రలో దొర్లి పడకుండా పక్కకు అడ్డంగా మందపాటి గుడ్డ కడతారు. రాత్రీ పగలూ కాపలా వంతులే కాబట్టి ఎనిమిది గంటల నిద్రను ముక్కలు చేసుకుని పోవాల్సిందే. ఇక ఉప్పు. ఉప్పునీటితో తడిసిన బట్ట ఎండినట్టే కనబడుతుంది. సాయంత్రానికి ఆ ఉప్పే గాలిలో చెమ్మ లాక్కుని బట్టను మళ్ళీ తడిపేస్తుంది. చుట్టూ అన్ని నీళ్ళున్నా బట్ట జాడించుకోవడానికి చెంబెడు మంచినీళ్ళు లెక్క చూసుకుని వాడుకోవాలి.

మిగిలిన పొద్దంతా మరమ్మతే. తెల్లారగానే డెక్కు మీద ఒక చుట్టు తిరిగి రావడం అన్ని పడవల్లోనూ ఉన్న అలవాటు. చిన్న స్క్రూ ఒకటి దొర్లుతూ కనబడితే అయ్యో అని తీసి జేబులో వేసుకోరు. తలెత్తి తెరచాప కొయ్య కేసి చూస్తారు, ఎక్కడినుంచి ఊడిందా అని. దొరక్కపోతే ఒకరు కుర్చీలాంటి పట్టాలో కూర్చుంటే మిగతావాళ్ళు తాడుతో కొయ్య పైకి లాగుతారు. కింద అడుగు ఊగితే పైన బారెడు ఊగుతుంది. తెరచాపను లాగి పట్టే తాడు కప్పీ మీద రోజుల తరబడి ఒకేచోట ఒరుసుకుంటే తెగుతుంది. కనుక రోజూ జానెడు వదిలో, జానెడు లాగో ఆ రాపిడి చోటు మారుస్తుంటారు. పెట్టెలో పట్టుచీరల మడతలు ఏటా మార్చిపెట్టే మన ఇళ్ళలో ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

తెరచాప సంగతీ అంతే. గాలికి గుడ్డ ఫెళ్ళున చిరిగిపోతుందని అనుకుంటాం. ఎక్కువసార్లు ముందు పోయేది గుడ్డ కాదు, దాని కుట్టు. ఎండ దారాన్ని తినేస్తుంది. గుడ్డ ఇంకా గట్టిగానే ఉంటుంది, అతుకు దగ్గర దారం గోటితో గీస్తే పొడిపొడిగా రాలిపోతుంది. పాతకాలం నావికుల నుంచి నేటిదాకా దానికి మందు ఒకటే: అరచేతికి తోలు పట్టీ, మూడంచుల లావు సూది, మైనం రాసిన దారం. అలలమీద కూర్చుని కుట్టాలి.

ఇంత జాగ్రత్తలోనూ తారిణికి చివరి అంచెలో స్టీరింగ్ గేరు పాడయింది. హార్న్ దగ్గరి గాలీ కాదు, తుఫానూ కాదు, ఒక యంత్రభాగం వాళ్ళను మారిషస్ రేవుకు తిప్పింది. బాగుచేసుకుని బయల్దేరారు.

చెక్క పడవల కాలంలో మా పొందూరు సరుకైన దూదికి కూడా సముద్రంలో పని ఉండేది. పలకకూ పలకకూ మధ్య సందులో దూది వత్తిని ఉలీ సుత్తీ పెట్టి దట్టించి, పైన తారో లప్పమో పూసేవారు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బేసరికి ఆ దూది కదలకుండా బిగుసుకుంటుంది. ఏకు మేకైనట్టే. బొంబాయిలో టేకుతో కట్టిన సుహైలి అనే పడవలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఎక్కడా ఆగకుండా ఒంటరిగా 312 రోజుల్లో భూమి చుట్టివచ్చి, 1969 ఏప్రిల్ 22న ఇంగ్లండు చేరాడు. అలా చేసిన మొదటి మనిషి ఆయనే. బయల్దేరిన కొన్నాళ్ళకే పడవ అడుగున పలకల సందు వదిలి నీళ్ళు రాసాగాయి. ఆయన దూది వత్తిని కాన్వాసు పట్టీకి కుట్టి, తారు పూసి, నడి అట్లాంటిక్‌లో పడవ కిందికి మునిగి రాగి మేకులతో కొట్టాడు.

ఈ కథ చదివినప్పుడు నాకు మా ఊళ్ళో ఏకులు చేసే అరుగే కళ్ళ ముందు కనబడింది. కొండపత్తి గింజ మీది దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ ఎముక మీది సన్నటి పళ్ళకు దుమ్మూ నలుసూ చిక్కుకుని పోగులన్నీ ఒకే దారిన పడతాయి. తర్వాత గింజ తీసి, వింటితో కొట్టి, ఏకులు చుట్టి, ఎండిన అరటి బోదెలో దాచుకుని ఒక్క కదురు రాట్నం మీద వడుకుతారు. వేలికి తగిలీ తగలని దారం వస్తుంది. గొప్ప కోసం చెప్పడం లేదుగానీ, ఆ ఏకు పడవ సందులో పనికొస్తుందేమోగానీ, ఆ దారంతో నేసిన గుడ్డ తెరచాపకు మాత్రం పనికిరాదు. 100 కౌంటు నూలు గుడ్డలోంచి సముద్రపు గాలి అడగకుండానే దూరిపోతుంది. 1851 పందెంలో ఇంగ్లండు పడవలన్నిటినీ ఓడించిన ‘అమెరికా’ అనే పడవకు కట్టింది కూడా నూలు తెరచాపలే, అయితే అది గోనెతో పోటీపడే మందం. 1950ల తర్వాత అదీ పోయి పాలియెస్టర్ వచ్చింది. నూలు తెరచాపను ఆరబెట్టకపోతే బూజు పట్టేది, కొత్తదానికి ఆ బాధ తప్పింది.

ఇటు కళింగపట్నం తీరంలో పడవనే కుట్టేవారు. మేకు లేకుండా, పలకలకు చిల్లులు పొడిచి కొబ్బరితాడుతో కుట్టిన ఆ పడవను ఇంగ్లీషువాళ్ళు మసూలా పడవ అని రాసుకున్నారు. ఒడ్డున విరిగే అలకు మేకులు కొట్టిన పడవ ఎదురు నిలబడి పగులుతుంది, కుట్టింది వంగి ఊరుకుంటుంది. కుట్లు వదులైతే మళ్ళీ కుట్టుకోవడమే.

ఈ తీరంలో ఇప్పుడు పడవలోనే నెలల తరబడి బతికేవాళ్ళు ఎవరంటే, సీజనుకు గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి అక్కడి బోట్లెక్కే మన మత్స్యకారులు. వాళ్ళకు పతకాలుండవు. పాకిస్తాన్ చెరలో ఏడాదికి పైగా ఉండి 2020 జనవరిలో విడుదలైన 20 మంది మీద ‘తండేల్’ సినిమా వచ్చేదాకా వాళ్ళు ఆ బోట్లలో ఏం తింటారో, ఎక్కడ పడుకుంటారో మనలో చాలామందికి తెలీదు.

తారిణి మళ్ళీ వెళ్ళింది. 2024 అక్టోబరు 2న దిల్నా, రూపా అనే ఇద్దరే అధికారిణులు అదే పడవలో బయల్దేరి 2025 మే 29న తిరిగొచ్చారు. ఏడేళ్ళు పాతబడ్డ పడవ. ఆ ఏడేళ్ళలో ఎన్ని తాళ్ళు మార్చారో, ఎన్నిసార్లు ఒడ్డెక్కించి అడుగు గోకి రంగేశారో ఏ పేపరూ రాయలేదు.

ఫోనులో ఆ ఇద్దరి ఫోటో ఒకటి మా వీధిలో రాట్నం వడికే పెద్దమ్మకు చూపించాను. ఇద్దరే ఆడపిల్లలు, ప్రపంచం చుట్టొచ్చారు పెద్దమ్మా అన్నాను. ఆవిడ ఆ పిల్లల్ని చూసి “ఓలమ్మ” అంది. తర్వాత ఫోను దగ్గరికి లాక్కుని తెరచాప కేసి చూసింది.

“ఇది ఎవులు నేసినారు బాబూ?”

పాలియెస్టర్ పెద్దమ్మా, మిల్లు గుడ్డ అన్నాను.

“మిల్లుదా” అంది. ఫోను నా చేతిలో పెట్టి ఇంకో ఏకు తీసుకుంది.