ఆవలి ఒడ్డునున్న అల్లుడు

మా జహీరాబాదునుండి పడమటగా కొంత దూరము పోయినచో కన్నడదేశము వచ్చును. పూర్వము మేమును బీదరు జిల్లావారమే. నేడు ఈవలి దొంగ ఆవలికి పాఱిపోయినను ఒక వారంటుతో పట్టి తేవచ్చును. నైజాము ఏలుబడిలో అట్లు గాదు. షోలాపురము చేరినవాడు ఆంగ్లేయుల రాజ్యమున నుండెను. వానిని తెచ్చుటకు రెండు ప్రభుత్వముల నడుమ 1867లో వ్రాసికొన్న ఒడంబడిక కావలెను. అందును ఎల్ల నేరములకును చోటు లేదు. ఖూనీ, దోపిడి వంటి ఘోరకృత్యములకే. ఈ ముచ్చటను మేము తరగతిలో వినోదముగా జెప్పుచుండెడివారము.

గడచిన కార్తికమున ఒక చెఱకు రైతు మా యరుగుమీద గూర్చుండి యడిగిన ప్రశ్నతో ఆ వినోదము తీఱిపోయినది.

“సారూ, అబూ సలేంను పోర్చుగల్ నుంచి పట్కొచ్చిన్రు గదా! మా అల్లుణ్ణి అమెరికా నుంచి తేలేరా?”

ఆతని కూతురు మా యొద్ద చదువుకొన్న పిల్ల. పెండ్లియైన రెండేండ్లకు భర్త ఆమెను పండుగకని తెచ్చి పుట్టింట దిగవిడిచి, తానొక్కడే విమాన మెక్కెను. అంతకుముందు కొట్టుటయు గలదు. ఆ పెండ్లికి మేమును బోయి భోజనము చేసితిమి. కట్న మెంతయో మాకు దెలియును. నాడు నోరు విప్పలేదు.

ఆ రైతు చెప్పినది నిజమే. కర్నూలు చిరునామాతో పుట్టించిన దొంగ పాస్‌పోర్టుల వ్యవహారమునను చిక్కిన ఆ మనుష్యుని 2005లో పోర్చుగల్ మన కప్పగించెను. అప్పటికి ఆ దేశముతో మనకు ప్రత్యేకమైన ఒప్పందమైనను లేదు. మరణశిక్ష వేయమనియు, 25 ఏండ్లకు మించి చెఱలో నుంచమనియు మన ప్రభుత్వము మాట యిచ్చినది. ఆ మాట నిలుపుకొనవలసినదే యని సుప్రీంకోర్టు 2022లో జెప్పినది. హంతకుని విషయమైనను ఇచ్చిన మాట మాటయే గదా!

అమెరికాతో మనకు 1997లో సంతకమై, 1999నుండి అమలులోనున్న ఒడంబడిక కలదు. పాత ఒప్పందములవలె ఇందు నేరముల పట్టిక లేదు. ఒక్కటే జల్లెడ: చేసిన పని ఉభయదేశములందును ఏడాదికి మించిన కారాగారశిక్షకు దగిన నేరమై యుండవలెను. భార్యను హింసించుటకు మన చట్టమున మూడేండ్లవఱకు శిక్ష గలదు. జల్లెడలో సగము దాటినది. ఆవలి సగముననే చిక్కు. కట్నము గైకొనుట ఆ దేశమున నేరమే కాదు. కొట్టుట నేరమే, కాని పెద్దగాయము గానిచో అచ్చటి పెక్కు రాష్ట్రములలో శిక్ష ఏడాది దాటదు. ఊరక విడిచిపోవుట మన చట్టమున ఖైదునకు దగిన నేరము గాదు.

ఈ సందు మనవారికి క్రొత్త గాదు. శారదా చట్టము 1930లో అమలునకు వచ్చినప్పుడు గోదావరి మండలమున పెద్దలు పసిపిల్లలను బండ్లెక్కించి ఫ్రెంచివారి యానామునకు దీసికొనిపోయి పెండ్లిండ్లు చేసిరి. అచ్చట అది నేరము గాదు. ఆ యూరికి కల్యాణపురమని పేరును బెట్టుకొంటిరి. పేర్లు పెట్టుటలో మనవారికి సాటి లేదు!

ఇదంతయు ఆ రైతుకు విప్పి చెప్పితిమి. ఆతడు చాలసేపు తువ్వాలు కొన నలుపుచు గూర్చుండి, “అంటే ఖూనీ చేసి పోతే తెస్తరు గాని, గిట్ల ఇడిశిపెట్టి పోతే తేరన్నట్టు,” అనెను. మేము మాఱుపలుకలేదు. వారంటు పుట్టినచో పాస్‌పోర్టు లాగికొనుటకు 1967నాటి చట్టము వీలు గల్పించినదనియు, జాతీయ మహిళా కమిషనుకు మొఱపెట్టుకొనవచ్చుననియు మాత్రము జెప్పి కాగితము దీసికొంటిమి.

అంతవఱకు గడప కీవల నిలిచి వినుచున్న ఆ పిల్ల ముందునకు వచ్చెను.

“వాణ్ణి తెచ్చి ఏం జేస్తరు సార్? నా సర్టిఫికెట్లన్నీ ఆడనే బీరువల ఉన్నయి. అవి తెప్పియ్యున్రి. నేను నౌకరి జూస్కుంట.”

అల్లుని పేరుతో మొదలుపెట్టిన కాగితమును మేము ప్రక్కన బెట్టి, వేఱొకదానిపై సర్టిఫికెట్ల జాబితా వ్రాయసాగితిమి. మొదటిది పదవ తరగతిది.