మన పిన్ని రాధిక

రాధిక పేరెత్తగానే ఒక తరానికి చిరంజీవి పక్కన హుషారుగా స్టెప్పులేసిన హీరోయిన్ గుర్తొస్తుంది. ఆ తర్వాతి తరానికి ‘పిన్ని’. నాకైతే ఇద్దరూ ఇష్టమే. కానీ ఆ హీరోయిన్ ఈ పిన్ని దాకా నడిచొచ్చిన దారి ఇంకా ఇష్టం.

ఆమె తండ్రి ఎం.ఆర్. రాధా తమిళ నాటకరంగంలో పెద్ద పేరు. 1978లో భారతీరాజా ఆమెను ‘కిళక్కే పోగుం రయిల్’లో పాంచాలిని చేశారు. ప్రియుడు రైలు చివరి పెట్టె మీద రాసి పంపే కబురు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసే పల్లెటూరి పిల్ల. అప్పటికి ఆమెకు పదహారేళ్లు ఇంకా నిండలేదు. ఆ కథనే మరుసటి ఏడు బాపు ‘తూర్పు వెళ్ళే రైలు’గా మనకిచ్చారు. తెలుగులో రాధికను నిలబెట్టింది మాత్రం 1981 నాటి ‘న్యాయం కావాలి’. ప్రేమ పేరుతో మోసపోయిన అమ్మాయి ఏడుస్తూ మూల కూర్చోదు, కోర్టుకెక్కుతుంది. ఎదురుగా ఉన్నది చిరంజీవి అయినా మన మనసు ఆమె పక్షానే నిలబడుతుంది.

ఇక ‘స్వాతిముత్యం’ (1986). గుడిలో సీతారాముల కల్యాణం జరుగుతుండగా అమాయకుడు శివయ్య మంగళసూత్రం తీసుకెళ్లి, భర్త పోయిన లలిత మెడలో కట్టేస్తాడు. చేసిన పని ఎంతటిదో అతనికి తెలియదు, ఆమెకు తెలుసు. ఆ తేడానంతా రాధిక ముఖమే మోయాలి. శివయ్యగా కమల్ హాసన్‌ను అందరం మెచ్చుకున్నాం, మెచ్చుకోవాల్సిందే. అయితే శివయ్య వెర్రితనం మనకు నవ్వులాట కాకుండా పోయిందంటే, లలిత అతన్ని చూసిన చూపు వల్లే. అందులో జాలి ఉంది, విసుగు ఉంది, మెల్లమెల్లగా ప్రేమ కూడా చేరింది. ఆ మార్పును తొందరపడకుండా చూపించింది చూడండి, అదీ నటన అంటే!

ముప్పై అయిదు దాటిన హీరోయిన్‌కు మన సినిమావాళ్లు ఇచ్చేది వదిన వేషమో, తల్లి వేషమో. రాధిక వాటికోసం కాచుకు కూర్చోలేదు. రాడాన్ అనే సొంత సంస్థ పెట్టి, 1999 చివర్లో ‘చిత్తి’ సీరియల్ మొదలుపెట్టారు. నిర్మాతా ఆవిడే, నాయికా ఆవిడే. తెలుగులో అది ‘పిన్ని’ అయింది. సవతి తల్లి అనగానే మన కథల్లో గయ్యాళే. ఆ ముద్ర చెరిపేసి, సవతి తల్లిని ఇంటిల్లిపాదీ మెచ్చే మనిషిగా నిలబెట్టారు. సీరియళ్లంటే చిన్నచూపు ఉన్నవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. సినిమాలో పాత్రను రెండున్నర గంటలు కాపాడితే చాలు. సీరియల్లో ఏళ్ల తరబడి, రోజూ, చూసేవాళ్లకు మొహం మొత్తకుండా కాపాడాలి. అది పెద్ద విద్య.

2013లో ఆవిడ మరో సీరియల్ ‘వాణీ రాణి’ మొదలైంది. అందులో ప్లీడరు వాణి, ఇల్లాలు రాణి కవలలు. ఇద్దరూ రాధికే. అప్పటికి ఆవిడకు యాభై దాటాయి. ఆ సీరియల్ 2018 దాకా నడిచింది.