కొట్టు తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నది?

మా బరంపురంలో పట్టుచీరెల కొట్లకు రాత్రిపూట తాళం వేయడం ఒక చిన్న క్రతువు. నౌకరు షట్టరు దింపి రెండు తాళాలు వేస్తాడు. షావుకారుగారు ఒక్కొక్కదానినీ స్వయంగా లాగి చూచి, చెవుల గుత్తి మొలలో దోపుకొని ఇంటికి పోతారు. ఒడియాలో తాలా అన్నా మన ఇంట్లో తాళం అన్నా మాట ఒక్కటే, భయమూ ఒక్కటే. అంత జాగ్రత్తగల షావుకార్లే తమ రెండవ కొట్టును, అనగా వెబ్‌సైటును, రాత్రింబగళ్ళు తెరిచి ఉంచి, దాని చెవి ఎవరి దగ్గర ఉన్నదో ఎరుగకుండా నిద్రపోతున్నారు. మేము అటువంటి కొట్టులో చిట్టా, ఆవర్జా వ్రాసే గుమాస్తాలం. మెట్రిక్ దాటి చదివినవారం కాము. అయినా చూచినది చూచినట్లు వ్రాస్తే మన సంఘంలోని చిన్న వ్యాపారస్థులకు పనికివస్తుందని తోచింది.

2020లో కరోనా వచ్చి కొట్లు మూతపడినప్పుడు మా షావుకారుగారు వెబ్‌సైటు పెట్టించారు. ఊళ్ళోని ఒక ఒడియా కుర్రవాడు ఆరువేలకు ఒప్పుకొని పది రోజులలో తయారుచేసి ఇచ్చాడు. చీరెల బొమ్మలు, ధరలు, ఫోను నంబరు అన్నీ ముచ్చటగా అమరినవి. ఆ తరువాత దానిని పట్టించుకున్నవారు లేరు. షట్టరుకు ఏడాదికి రెండుసార్లు నూనె పోయించే మనిషికి వెబ్‌సైటుకు కూడా నూనె కావాలంటే నవ్వు వస్తుంది మరి.

2024 దసరాకు ముందు విశాఖపట్నం నుంచి ఒక అమ్మగారు ఫోను చేశారు. వారి ఇంట పెళ్ళిపట్టు మా కొట్టునుంచే వెళ్ళడం రెండు తరాల వాడుక. "ఏమండీ గుమాస్తాగారూ, మీ కొట్టు పేరు గూగుల్‌లో వెదకి నొక్కితే జూదం పేజీ వచ్చిందండీ. పక్కన పిల్లలు కూర్చున్నారు. పెద్దవారిదగ్గర్నుంచీ మీ పేరు నమ్మినవాళ్ళం, ఏమిటండీ ఇది?" అన్నారు. వెంటనే కంప్యూటరులో మా సైటు పేరు టైపు చేసి చూచాము. చక్కగా మా చీరెలే కనిపించినవి. "ఆవిడ మరేదో నొక్కి ఉంటారు" అని షావుకారుగారు తేల్చివేశారు.

మాకు మనసు ఒప్పలేదు. సాయంత్రం మా ఫోనులో ఆమె చెప్పినట్లే గూగుల్ ద్వారా వెళ్ళి చూచాము. నిజమే, జూదమే. ఇందులోని కిటుకు తరువాత తెలిసింది. దొంగ సైటులో దూరి, పేరు తిన్నగా టైపు చేసి వచ్చేవారిని ముట్టుకోడు. ఇంటివాడు అలాగే గదా వస్తాడు. గూగుల్‌లో వెదకి వచ్చే కొత్తవారిని మాత్రం దారి మళ్ళిస్తాడు. కాబట్టి ఊరందరికీ తెలిసిన తరువాత గాని యజమానికి తెలియదు. చదువరులలో ఎవరికైనా వెబ్‌సైటు ఉంటే అప్పుడప్పుడు పరాయివారి ఫోనులో, గూగుల్ ద్వారా వెళ్ళి చూచుకోవడం మంచిది.

"మన కొట్టులో ఏమున్నదని వచ్చాడయ్యా?" అని షావుకారుగారు వాపోయారు. ఆయన ఊహించినట్లు ఎవరో మా కొట్టును ఎన్నుకొని రాలేదు. ప్రపంచంలోని సైట్లన్నిటి తలుపులూ తట్టి చూచే యంత్రపు ప్రోగ్రాములు ఉన్నవి. గడియ వదులుగా ఉన్న తలుపు తెరుచుకుంటుంది. వారికి మన చీరెలతో పని లేదు. గూగుల్ దగ్గర మన కొట్టుకు ఉన్న మంచిపేరు మీద జూదమో, దొంగ మందులో అమ్ముకుంటారు. షావుకారుగారి తాతగారు మూట భుజాన వేసుకొని తిరిగి సంపాదించిన పేరు అది.

మా తలుపుకు గడియ ఎట్లా వదులైనదంటే, సైటు వర్డ్‌ప్రెస్ మీద కట్టినది. ప్రపంచంలోని సైట్లలో నూటికి 40కి పైగా దానిమీదే ఉన్నవి, దానిలో తప్పు లేదు. దానికి తగిలించే ప్లగిన్లు అనే చిన్న పనిముట్లలో అప్పుడప్పుడు కన్నాలు బయటపడుతుంటవి. తయారుచేసినవారు కన్నం పూడ్చి కొత్తది విడుదల చేస్తారు. చేసిన మరుక్షణం పాతదానిలో కన్నం ఎక్కడున్నదో దొంగలకు కూడా తెలుస్తుంది. 2020 నుంచి ప్లగిన్లు వాటంతటవే కొత్తవయ్యే ఏర్పాటు వర్డ్‌ప్రెస్‌లోనే ఉన్నది, ఒక్క మీట నొక్కితే చాలు. మా సైటులో నాలుగేళ్ళుగా నొక్కినవారు లేరు. పైగా డబ్బు పెట్టి కొనవలసిన థీమును ఎక్కడో దొంగసరుకుగా దొరికితే పెట్టారు. ఇటువంటి సరుకులో దొంగ లోపలే కూర్చొని రావడం కద్దు.

సరే, బాగుచేద్దామంటే చెవి ఏది? ఇక్కడ మూడు చెవులు ఉన్నవి. ఒకటి పేరుది, దీనినే డొమైన్ అంటారు. రెండవది సైటు ఉండే అద్దె చోటుది, దానిని హోస్టింగ్ అంటారు. మూడవది లోపల సరుకు సర్దే అడ్మిన్ పాస్‌వర్డు. విచారిస్తే మూడూ ఆ కుర్రవాడి మెయిలు మీదే ఉన్నవి. అతని పాత ఫోను పనిచేయడం లేదు. మా గంజాం జిల్లా కుర్రవాళ్ళు ఎందరో పోయినట్లే అతనూ సూరత్ పోయాడు. షావుకారుగారు మండిపడి "మోసగాడు, పోలీసులకు చెబుదాం" అన్నారు.

అతని మేనమామ ద్వారా కొత్త నంబరు దొరికింది. మేము ఒడియాలో మాట్లాడాము. "మౌసా, ఎవరి పేరున పెట్టాలని అడిగితే ఆ రోజు నీకు తోచినట్లు చెయ్యమన్నారు. నా పేరున పెట్టాను. పేరుకు ఏటా కట్టవలసిన డబ్బు అడగడానికి మొగమాటమై నేనే కడుతూ వచ్చాను. ఈసారి చేతిలో లేదు" అన్నాడు. గడువు ఇంక 19 రోజులు. డాట్‌కామ్ పేరు గడువు దాటితే సాధారణంగా నెలా నెలన్నర ఉపేక్షిస్తారు. తరువాత 30 రోజులు జరిమానాతో విడిపించుకోవచ్చు. ఆపైన అయిదు రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. మాట విని షావుకారుగారు చాలాసేపు ఊరుకున్నారు. మరునాడు బాకీతోపాటు ఒక పట్టుజోడు కూడా సూరత్‌కు పంపించారు.

కుర్రవాడు మూడు చెవులూ కొట్టు పేరున మార్చి ఇచ్చాడు. అతని పాత లాప్‌టాపులో చీరెల బొమ్మల నకలు ఉండబట్టి సైటు మళ్ళీ కొత్తగా కట్టగలిగాము. లేకపోతే అదీ లేదు. పరిశుభ్రమైనదని గూగుల్‌కు విన్నవించి, పాత జూదపు పేజీలు వెదకుళ్ళలోనుంచి తొలగేసరికి వారాలు పట్టింది. ఆ దసరా బేరం సగానికి సగం పోయింది. విశాఖ అమ్మగారు ఆ ఏడు చీరెలు మరొకచోట తీసుకున్నారట.

"అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉండేది గదా, మరి దొంగ ఎలా వచ్చాడు?" అని ఇప్పటికీ కొందరు అడుగుతారు. ఆ తాళం ఉత్తరానికి వేసిన లక్క ముద్ర వంటిది. దారిలో ఎవరూ విప్పి చదవరని మాత్రమే దాని అర్థం. వ్రాసినవాడు పెద్దమనిషి అని కాదు. దొంగ సైట్లకూ అది ఉచితంగా దొరుకుతుంది. జనం పొరపాటు పడుతున్నారని క్రోమ్‌వారు 2023లో కంప్యూటర్లలో ఆ బొమ్మను మార్చివేశారు.

ఇప్పుడు పాస్‌వర్డు పొంతన లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో గుదిగుచ్చినది. దానిపైన ఫోనులో వచ్చే అంకె రెండవ తాళం. నెలకొకసారి సైటు నకలు తీసి డ్రైవులో పెట్టి, దానిని ఇనప్పెట్టెలో భద్రపరుస్తున్నాము. ఏ చెవి ఎవరి పేరున ఉన్నది, ఏ తేదీకి డబ్బు కట్టాలి అన్నది ఒక చిన్న పుస్తకంలో వ్రాసి దాని పక్కనే ఉంచాము. సొమ్ము పోయినవారు 1930కి వెంటనే ఫోను చేయాలని అట్ట మీద వ్రాసి పెట్టాము.

ఒక్క పద్దు మిగిలింది. పాస్‌వర్డు మరచిపోతే సహాయానికి ఇచ్చిన ఫోను నంబరు హైదరాబాదులోని షావుకారుగారి అల్లుడుగారిది. ఫోనులో అడగడానికి మామగారికి మొగమాటం. సంక్రాంతికి అల్లుడుగారు వస్తారు గనుక అప్పుడు మార్చవలసి ఉన్నది.