పల్లె నుంచి – 14: అమ్మ కుట్టిన సంచి

మొన్న విజయవాడ మీటింగులో ఒక చెల్లి నా భుజానికున్న సంచి పట్టుకుని "అక్కా, ఇదెక్కడ కొన్నారు? ఆన్‌లైన్లో ఇలాంటివి రెండు వేల పైనే ఉన్నాయి" అంది. కొనలేదమ్మా, నా పాత జీన్స్ కోసి నేనే కుట్టుకున్నా అన్నాను. "అయితే ఎట్లా కుట్టాలో రాయండి" అంది. రాస్తాను. కానీ ఈ సంచి కంటే ముందు ఇంకో సంచి ఉంది. దాని సంగతి చెప్పకుండా దీని సంగతి చెప్తే అబద్ధం చెప్పినట్టే.

1999. నేను తెనాలిలో ఇంటర్ మొదటి సంవత్సరం. మా మాదిగపల్లె నుంచి బస్సులో అరగంట. అమ్మ తెల్లారుజామున మొదటి బస్సుకే తెనాలి పోయి రెండిళ్ళలో అంట్లు తోమి, బట్టలుతికి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి మళ్ళీ కూలికి పోయేది. ఒకరోజు వస్తూ వస్తూ ఒక జీన్స్ ప్యాంటు తెచ్చింది. ఆ ఇంటి అబ్బాయిది. మోకాళ్ళ దగ్గర రంగు పోయి తెల్లబడింది. కింద అంచులు పీలికలయ్యాయి.

తమ్ముడు ఎగిరి గంతేశాడు. అమ్మ వేసుకోనివ్వలేదు. "ఒకళ్ళు తొడిగి విడిచింది నా బిడ్డలు తొడగరు" అంది. మరెందుకు తెచ్చావని అడిగాడు వాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. కత్తెర తీసింది.

పక్కింటి పెద్దమ్మ తొక్కుడు మిషను మీద కుట్టింది. జాకెట్లు కుట్టే సూది ఆ అతుకుల దగ్గర రెండుసార్లు విరిగింది. అప్పుడు మా తాత తన ఆరె తెచ్చాడు. మీలో చాలామందికి ఆరె తెలియకపోవచ్చు. తోలుకి బెజ్జం పెట్టే పనిముట్టు. తాత దాంతోనే ఊరందరికీ చెప్పులు కుట్టాడు, మోట బొక్కెనలు కుట్టాడు. పట్టీలు అతికే చోట ఆరెతో బెజ్జాలు పెట్టి, దారానికి మైనం పట్టించి, రెండు వైపుల నుంచీ లాగి బిగించాడు. "ఇంక సంచి చిరగాలి గానీ ఈ కుట్టు ఊడదు" అన్నాడు. కాలేజీకి పుస్తకాలు చేత్తో పట్టుకుని పోతున్న నాకు మొదటిసారి సంచి వచ్చింది. వెనక జేబు ఒకటి ముందుకి పెట్టింది అమ్మ, బస్సు పాస్ పెట్టుకోడానికి.

నాలుగు రోజులు గొప్పగా మోశాను. ఐదో రోజు క్లాసులో ఒక అమ్మాయి ఆ జేబు మీది కుట్టు చూసి "ఇది మా అన్నయ్య ప్యాంటు కదూ? మీ అమ్మ మా ఇంట్లోనే కదా చేసేది?" అంది. ఆ పిల్ల మాటలో వెటకారం కూడా లేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. బెంచీ అంతా నవ్వింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంచి అమ్మ కాళ్ళ దగ్గర పడేశాను. "అడుక్కొచ్చిన గుడ్డ నాకొద్దు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. రాయడానికి ఇప్పటికీ చెయ్యాడదు. అమ్మ ఆ సంచి తీసి దులిపింది. తర్వాత ఏడేళ్ళు అందులోనే అన్నం గిన్నె, కొడవలి పెట్టుకుని పనికి పోయింది. నేను ఇంటర్ రెండేళ్ళూ పుస్తకాలు చేత్తోనే మోశాను.

తర్వాత హైదరాబాద్ వచ్చాను. హాస్టల్లో సీనియర్లు అంబేడ్కర్‌ని చేతిలో పెట్టారు. చండాలురు శవాల మీది బట్టలే కట్టుకోవాలని మనుస్మృతి పదో అధ్యాయం శాసించిందని అప్పుడే తెలిసింది. 1927 డిసెంబరు 25న మహాడ్‌లో ఆ పుస్తకాన్ని తగలబెట్టారని, అక్కడికొచ్చిన ఆడవాళ్ళతో బాబాసాహెబ్ మీ కట్టూ బొట్టూ చూసి అంటరానివాళ్ళని గుర్తుపట్టేలా ఉండొద్దు, చీర పొడుగ్గా కట్టుకోండి, శుభ్రంగా ఉండండి అని చెప్పాడని తెలిసింది. గుడ్డ అంటే ఒంటి మీదిది మాత్రమే కాదని తెలిశాక నాకు తెనాలి క్లాసు రూము గుర్తొచ్చింది. నాకు జరిగిన అవమానానికి ఒక పేరు దొరికింది.

అప్పట్నుంచి మీటింగుల్లో అదే ఉదాహరణ చెప్పేదాన్ని. "మా అమ్మ దొరల ఇళ్ళలో పాత బట్టలు తెచ్చుకునేది" అని. చెప్పేటప్పుడు గొంతు వణికేది. చప్పట్లు కూడా వచ్చేవి.

2006లో ఫెలోషిప్ డబ్బులు వచ్చిన నెల ఆబిడ్స్‌లో ఆరు వందలు పెట్టి కొత్త జీన్స్ కొనుక్కున్నాను. అది తొడుక్కుని ఊళ్ళో బస్సు దిగి, రామాలయం ముందు నుంచి పల్లెకి నడిచాను. ఎవరూ ఏమీ అనలేదు. అందరూ చూశారు. ఆ చూపులేమిటో 2012లో ఇంకా బాగా అర్థమైంది. ఆ ఏడాది నవంబరు 7న తమిళనాడు ధర్మపురి జిల్లాలో నత్తం కాలనీతో పాటు మూడు దళితవాడలు తగలబెట్టారు. ఒక దళితుడు, ఒక వన్నియార్ అమ్మాయి పెళ్ళి చేసుకున్నందుకు. జీన్సులు, టీషర్టులు, నల్ల కళ్ళద్దాలు వేసుకుని దళిత కుర్రాళ్ళు మా ఆడపిల్లల్ని వల్లో వేసుకుంటున్నారని ఒక పార్టీ నాయకుడు బహిరంగంగా మాట్లాడాడు. చిరిగిన ప్యాంటు మనకి దానం చేసేటప్పుడు వాళ్ళకి ఏ ఇబ్బందీ లేదు. కొత్తది మన డబ్బుతో కొనుక్కుంటేనే ఊరు తగలబడుతుంది.

అసలు జీన్స్ ఎవరి బట్ట? 1873లో అమెరికాలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, లీవై స్ట్రాస్ అనే బట్టల వ్యాపారి కలిసి ప్యాంటు జేబుల మూలల్లో రివెట్లు బిగించే పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. ఎందుకు? కూలిపని చేసేవాళ్ళ జేబులు ఊరికే చిరిగిపోతున్నాయని. అది కష్టం చేసేవాళ్ళ బట్ట. మోకాళ్ళ దగ్గర తెల్లబడడం కూడా అందుకే. డెనిమ్‌లో పడుగు దారానికే నీలి రంగు అద్దుతారు, పేక దారం తెల్లగానే ఉంచుతారు. నీలం పైపైనే పట్టి ఉంటుంది. ఒరుసుకున్న చోటల్లా లోపలి తెలుపు బయటికొస్తుంది.

నా జీన్స్ పదమూడేళ్ళు తొడిగాను. తొడల దగ్గర చిరిగాక కూడా పారెయ్యబుద్ధి కాలేదు, బీరువాలో పెట్టాను. కిందటేడు సంక్రాంతికి ఇంటికి తీసుకుపోయి, సంచి కుడదాం నేర్పమ్మా అన్నాను. అమ్మ చూపు ఇప్పుడు సరిగా ఆనడం లేదు. పక్కన కూర్చుని చెప్తే నేను తొక్కాను.

చెల్లీ, నువ్వు అడిగింది ఇదీ. చిరిగిన చోటు వదిలేసి రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద నుంచి కోసుకో. ఒక పక్క కుట్టు సన్నగా ఉంటుంది, దాన్ని బ్లేడుతో విప్పు. రెండో పక్క మడిచి రెండు వరసలు కుట్టి ఉంటుంది, దాని జోలికి పోకు, అదే సంచికి బలం. 16 లేదా 18 నంబరు సూది వెయ్యి. కుట్టు పెద్దది పెట్టు. దళసరి అతుకు వచ్చినప్పుడు దాన్ని ముందే రోకలిబండతో కొట్టి అణచు, అక్కడ కాలితో తొక్కకుండా చక్రం చేత్తో తిప్పు. లోపల లైనింగుకి పాత లుంగీ చాలు. అడుగున రెండు మూలలూ త్రికోణంగా లాగి అడ్డంగా కుడితే సంచి కింద పెట్టినా నిలబడుతుంది. నడుము పట్టీ భుజానికి పట్టీ అవుతుంది.

ఆ పట్టీ దగ్గరే నా సూది కూడా విరిగింది. అమ్మ లేచి పోయి తాత ఆరె తెచ్చింది. తాత పోయి చాలా ఏళ్ళయింది. నేను బెజ్జాలు పెడుతుంటే అమ్మ అడిగింది.

"ఏమే, మీటింగుల్లో చెప్తావంట గదా, మీ అమ్మ పాత గుడ్డలు అడుక్కునేదని? తమ్ముడు ఫోన్లో చూపించాడు."

నా చెయ్యి ఆగిపోయింది. అడుక్కునేదని అనలేదమ్మా, తెచ్చుకునేదని అన్నాను అన్నాను.

"రెండూ ఒకటే. అది ఊరికే ఇచ్చారనుకున్నావా? ఆ నెల మీ తాతకి జొరమొచ్చి నాలుగు రోజులు పనికి పోలా. నూటయాభైలో నలభై కోసుకున్నారు. నలభై ఇయ్యండమ్మగారూ, పిల్లకి పుస్తకాల సంచి కొనాలంటే, ఇదిగో ఈ ప్యాంటు పట్టుకుపో, నలభై కంటే ఎక్కువే చేస్తుందన్నారు. డబ్బులే కావాలంటే రేపట్నుంచి రావొద్దన్నారు. నేను అడుక్కోలా. నా నలభై రూపాయలు నేను తెచ్చుకున్నా. సంచి కొనాలనుకున్నా, సంచే కుట్టా."

"మరి ఆరోజు ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే నువ్వు కాలేజీ మానేస్తావని."

మిత్రులారా, కూలి నగదుగా ఇవ్వాలని 1948 నాటి కనీస వేతనాల చట్టం చెప్పింది. ఆ చట్టం మీద నేను క్లాసులు చెప్పాను. పాత బట్ట ఇవ్వడం వెనకున్న కులం గురించి గంటలు గంటలు మాట్లాడాను. కానీ నా సొంత ఇంట్లో ఉన్న సంచి ఎగ్గొట్టిన కూలి అని నాకు ఇరవై ఏళ్ళు తెలియలేదు. ఎందుకంటే ఒక్కసారీ అమ్మని అడగలేదు. ఆ ఇంటివాళ్ళు అది దానం అన్నారు. వాళ్ళ పిల్ల క్లాసులో అదే నమ్మింది. నేను కూడా అదే నమ్మి, మైకు ముందు చెప్పుకుంటూ తిరిగాను. అమ్మ అవమానం గురించి మాట్లాడుతున్నాననుకుంటూ అమ్మనే అవమానించాను.

ఇప్పుడు మీటింగుల్లో ఆ ఉదాహరణ మార్చాను. "మా అమ్మకి రావాల్సిన నలభై రూపాయలు" అని మొదలుపెడుతున్నాను.

యూనివర్సిటీల్లో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ అమ్మానాన్నల గురించి థీసిస్‌లో రాసేముందు, స్టేజీ మీద చెప్పేముందు, ఒకసారి వాళ్ళ పక్కన కూర్చుని లెక్క అడగండి. ఎంతకి మాట్లాడుకున్నారు, ఎంతిచ్చారు, మిగతాదానికి ఏం చేతిలో పెట్టారు. వాళ్ళకి అన్నీ గుర్తుంటాయి, రూపాయితో సహా.

అమ్మ పాత సంచి ఇప్పుడు నా దగ్గరే ఉంది. బట్ట చాలా చోట్ల చీకిపోయింది. తాత కుట్టు మాత్రం ఊడలేదు.

జై భీమ్.