పెరటిలో ఓషధులు

బాల్యమున అమరకోశమును వల్లెవేసినవారిలో పలువురు ద్వితీయకాండమందలి వనౌషధివర్గమును పేరుల పట్టికగా నేర్చి విడిచినవారే. ఆ పేరులలో తోటపనికి పనికివచ్చు సంగతులు కలవని పెరడు త్రవ్వ మొదలిడిన తరువాతగాని మాకు తోచలేదు. తిప్పతీగకు ఛిన్నరుహ యని యొక పేరు. కోసినను మరల మొలచునది యని యర్థము. వ్రేలిలావు కాండమును రెండు మూడు కణుపులుండునట్లు కోసి వానకాలమున నేల గ్రుచ్చిన చాలును, చిగిర్చును. పందిరియో చెట్టో ఆధారము చూపవలయును. అడ్డసరమునకు సింహాస్య యని పేరు. దాని తెల్లని పువ్వును దగ్గరగా చూచిన నోరు తెఱచిన సింహమే జ్ఞాపకము వచ్చును. దాని యాకును మేకలు ముట్టవు. వీధిమేకల బెడద నెఱిగిన గృహిణులకు ఈ గుణము చిన్నది కాదు. మేము దానినే దడిగా నాటి, తక్కినవానిని లోపల పెంచుచున్నాము.

నిరుడు మృగశిరకార్తెలో మేము సూర్యాపేటలోను, మా యక్కగారు కోదాడలోను, మా ఆడబిడ్డ మిరియాలగూడలోను ఒక్కమారే తోటలకు పూనుకొంటిమి. ఇప్పుడు జాబులకు బదులు ఫోనులే గదా, ముగ్గురి తోటల సమాచారము దినదినము చేరుచుండెను. 2016 వఱకు మూడూళ్లును నల్లగొండ జిల్లాలోనివే యైనను పెరడులు మాత్రము మూడు తీరులు. మాది ఎఱ్ఱని చలకనేల. పోసిన నీరు గడియలో నింకిపోవును. చివికిన పశువుల యెరువు తట్టలకొలది కలిపి, మొక్కల మొదళ్ల నెండుటాకు పఱచిన తరువాత తడి నిలిచినది. అక్కగారిది నల్లరేగడి. 1967లో నాగార్జునసాగరు ఎడమకాలువకు నీరు విడిచిన పిమ్మట ఆ వైపున వరిసాగు మిక్కిలి పెరిగినది గాని, వరికి మేలు చేయు నీటినిలువ వామాకునకు చేటు. ఆమె జేనెడెత్తున మళ్లు కట్టి, మట్టిలో ఇసుక కలిపి దానిని బ్రదికించినది. ఆడబిడ్డ యూరిలో బియ్యపుమిల్లులకు కొదువ లేదు. ఊకను పేడనీటితో మాగవేసి బంకమట్టిలో కలుపగా వేళ్లకు గాలి తగిలినది. అక్కగారి యిసుక మాకు పనికిరాదు, మా యెండుటాకు వానకాలమున ఆమెకు పనికిరాదు. గుప్పెడు తడిమట్టిని పిసికి చూచుట మేలు. ఉండకట్టి విడివడనిది బంకనేల, ఉండయే కట్టనిది ఇసుకనేల.

క్రొత్తవారు ఒక్కమారే ఇరువది మొక్కలు తెచ్చి వేయుట మాకు సమ్మతము కాదు. ఐదారు చాలును. అంగడిలో కొన్న పుదీనకట్టనుండి ఆకు గిల్లుకొని, ముదురు కాడలను నీటిలో నుంచిన వారము పదిదినములకు వేళ్లు పుట్టును. ఇది పొరుగుమొక్కల చోటు నాక్రమించును గనుక దీనికి వేఱు తొట్టి వలయును. వామాకు కొమ్మ త్రుంచి నాటిన బ్రదుకును. (వాము గింజలనిచ్చు మొక్క వేఱు. వాసనలోని పోలికచేతనే దీనికాపేరు.) తులసివిత్తులు మిక్కిలి సన్ననివి. వానిని పైపైన చల్లి అఱచేత నదిమి నీరు చిలుకరింపవలయునేగాని పూడ్చరాదు. వెన్నులను ఎప్పటికప్పుడు గిల్లినచో ఆకు గుబురుగా వచ్చును. ధనియాలను నలిపి రెండు బద్దలుగా చేసి కార్తిక మార్గశిరములలో చల్లవలయును. వేసవిలో చల్లినది ఆకు పెట్టకమునుపే పూతకు వచ్చును. కరివేపకు ఓర్పు కావలెను. పెద్దచెట్టు మొదట మొలచిన పిలకను వేరుతో తెచ్చి నాటినను ఏడాదిదాక ఆకు కోయరాదు. రోహిణికార్తెలో మా ప్రాంతమున ఎండ 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అప్పుడు పాతచీరను నాలుగు కఱ్ఱలకు కట్టి నీడ కల్పించి, తెల్లవాఱుజామున నీరు పోయుడు.

ఇక నసలు సంగతి. ఓషధి పెరటిలో నున్నంతమాత్రమున ఇల్లు వైద్యశాల కాదు. కరోనా దినములలో తిప్పతీగ వాడినవారిలో కొందఱికి కాలేయము చెడినదని 2021లో ముంబాయి వైద్యులు ప్రకటించిరి. దానిని పోలిన వేఱొక జాతిని పొరబడి వాడియుండవచ్చునని కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ బదులు చెప్పెను. ఆ వాదమట్లుండనిండు. తీగను చూపి పేరు చెప్పినవారెవరు, వారికెట్లు తెలియును అని మనము విచారించుచున్నామా? కంచెమీది దూసరితీగను తిప్పతీగయని కోయువారిని మేము చూచితిమి. దూసరాకు నూగుతో మెత్తగా నుండును. తిప్పతీగ యాకు నున్నగా, హృదయాకారమున నుండును.

గత భాద్రపదమున పొరుగింటి పిన్నిగారు వచ్చి, "అమ్మాయీ, మీ బాబాయికి చక్కెరజబ్బు. మాత్రలు మానిపించి తిప్పతీగ రసమిత్తును, రెండు మూరలు కోసియిమ్ము" అనిరి. పెద్దవారు. అడిగినది ఆకు. అడిగినవారికి ఆకును పువ్వును లేదనరాదని పెరిగినవారము. అయినను తీగ నీయలేదు. "పిన్నిగారూ, మాత్రలు మానిన చక్కెర పెరుగును. మాత్రలతో కలిపి ఇది త్రాగినను మితిమీఱి దిగిపోవచ్చును. వైద్యుని నడిగి రండు, తీగ ఎక్కడికిని పోదు" అంటిమి. ఆమె చిన్నబుచ్చుకొని వెడలిరి. నాలుగు దినములు పలుకరింపలేదు. కొంచెము మెత్తగా చెప్పవలసినదని మావారనిరి. ఇట్టి మాట మెత్తగా చెప్పిన చెవికెక్కదని మా యభిప్రాయము.

ఐదవనాడు ఆమెయే వచ్చిరి. మాత్రలు మానరాదని వైద్యుడు గట్టిగా చెప్పెనట. తీగమాట యెత్తక, వామాకు బజ్జీలకు బాగుండునా యని యడిగి, పది యాకులును, నాటుకొనుట కొక కొమ్మయు కొంగున మూటగట్టుకొని పోయిరి.